కొండ విన్న ప్రశ్న

సవరమ్మను ఐదు నెలలుగా తొలిచేస్తున్న సందేహం ఒక్కటే. మొగుడికి చెవులు వినపడటం లేదా, లేక వినపడినా విననట్టు కూర్చుంటున్నాడా? రెంటికీ తేడా ఏముందిలే అనేవాళ్లకు ఇంకా పెళ్లి కాలేదని లెక్క.

ఆమె మొగుడు స్తెఫను కొత్తగూడెం దగ్గర ఒక బొగ్గుగనిలో మైనింగ్ సర్దార్‌గా చేసి జూన్ ముప్పైన రిటైరయ్యాడు. సర్దారంటే గుర్రమెక్కి కత్తి తిప్పేవాడు కాదు. షిఫ్టు మొదలయ్యేముందు అందరికంటే ముందు లోపలికి పోయి, తలమీదున్న బండను కర్రతో తట్టి, అది గట్టిదో గుల్లదో చప్పుడును బట్టి చెప్పేవాడు. అతడు సుద్దముక్కతో అక్కడ తేదీ వేసి, సంతకం గీకి, "కూసోండ్రి, భయం లేదు" అంటేనే మిగతా కూలీలు ఆ బండ కింద అడుగుపెట్టేది. ముప్పై ఆరేళ్ల అలవాటు రిటైరైతే పోతుందా! ఇంట్లో గ్యాసు సిలిండరు మార్చినా, మంచం కోడు బిగించినా ఒకసారి తట్టి చూసి, సుద్దతో తేదీ వేసేవాడు. ఫ్రిజ్ మీద కూడా ఒకటుంది.

రిటైరైన సాయంత్రం దండలు, శాలువా, గోడగడియారం మోసుకుని ఇంటికొచ్చి, మంచం అంచున అటు తిరిగి కూర్చుని బూట్లు విప్పుతున్నాడు. శాలువా మడతపెడుతున్న సవరమ్మకు ఆ వీపును చూస్తే ఎందుకో గుండె నిండింది. మూడు షిఫ్టుల కాపురం వాళ్లది. అతడు పడుకుంటే ఆమె పనికి, ఆమె పడుకుంటే అతడు గనికి. పక్కపక్కన కూర్చుని మాట్లాడుకున్న గంటలన్నీ పోగేసినా ఏడాది కూడా నిండదు. అందుకే నోరు తెరిచి అడిగేసింది.

"ఏమయ్యా, నాతోని నువ్వు సుఖంగానే ఉన్నవా?"

స్తెఫను తిరిగి చూడలేదు. రెండో బూటు విప్పాడు, రెంటినీ మంచం కిందికి తోశాడు, లేచి స్నానానికి పోయాడు.

అంతే. మళ్లీ ఆమె అడగలేదు. ఒకసారి అడిగితే అది ప్రశ్న, రెండోసారి అడిగితే దేబిరింపు అని ఆమె లెక్క. కానీ ఆ రోజు నుంచి కళ్లు మాత్రం మొగుడి మీదే పెట్టింది. ఎదురుగా నిలబడి చెప్తే అన్నిటికీ "అట్లనే" అంటాడు. వెనక నుంచి పిలిస్తే ఒకసారి పలుకుతాడు, పదిసార్లు పలకడు. టీవీ పెద్దగా పెడతాడు, కానీ ఈ కాలంలో పెద్దగా పెట్టనిదెవరు? మరి చెవిటివాడే అయితే నోరు విప్పి చెప్పడా? వినే ఊరుకున్నాడంటే, ఆ ఊరుకోవడమే జవాబు. అది ఎలాంటి జవాబో తలుచుకుంటే ఆమెకు అన్నం సయించేది కాదు.

సవరమ్మ అంగన్‌వాడీ టీచరు. చంటిపిల్లల తలవెనక గిలక ఊపి, తల తిప్పుతున్నారో లేదో చూడటం ఆమె పనిలో భాగం. ఎంతమంది పిల్లల చెవులు తేల్చిందో లెక్కే లేదు. ఇంట్లో ఉన్న అరవై ఏళ్ల పిల్లవాడి సంగతి మాత్రం తేలడం లేదు.

సరిగ్గా అప్పుడే హాతీరాం ఫోన్ చేశాడు. హాతీరాం స్తెఫనుతో ఒకే గనిలో బొగ్గు నింపినవాడు, రెండేళ్ల ముందే రిటైరై ములకలపల్లి దగ్గర తన తండాలో మిర్చి పండిస్తున్నాడు. సవరమ్మను చెల్లె అంటాడు, అందువల్ల స్తెఫను అతనికి బావ. "రెండో శనివారం పాపికొండలు పోదం చెల్లె. ఆదివారం మీకు గుడి ఉంటది కదా, శనివారమే పోయొద్దం. జీపు కిరాయికి మాట్లాడిన," అన్నాడు. సవరమ్మ వెంటనే ఒప్పుకుంది. కొండలు చూడాలన్న ఆశ ఒకవంతు, మొగుణ్ని తేల్చాలన్న పంతం మూడు వంతులు. సంచిలో పులిహోర డబ్బా పక్కన అంగన్‌వాడీ గిలక కూడా వేసుకుంది.

నవంబరు చలిలో తెల్లవారకముందే జీపు బయల్దేరింది. మధ్య సీట్లో స్తెఫను, హాతీరాం. వెనక సీట్లో సవరమ్మ, హాతీరాం భార్య జమ్లి. భద్రాచలం దాటి కూనవరం రోడ్డెక్కాక సవరమ్మ మొదటి పరీక్ష పెట్టింది. గొంతు పెంచకుండా, ముందుకు వంగకుండా, మామూలుగా అంది.

"ఏమయ్యా, వెనక తలుపు గొళ్లెం పెట్టినవా?"

హాతీరాం అప్పుడే పొగాకు డబ్బా తీసి సీటు చెక్కమీద టక్కుటక్కుమని తట్టాడు. స్తెఫను తల తిప్పాడు.

"ఏందే?"

"గొళ్లెం."

"పెట్టిన, పెట్టిన."

సవరమ్మ గుండెలో రాయి పడ్డట్టయింది. వినపడుతోంది! ఇంజను మోతలో కూడా వినపడుతోంది! జమ్లి పెట్టిన మక్కగారె చేతిలో అట్లనే ఉండిపోయింది.

"ఏంది వదినె, కారమైందా?" అంది జమ్లి.

"లేదు వదినె, మంచిగుంది," అని నమిలింది గానీ రుచి తెలియలేదు.

పోచవరం రేవులో రెండంతస్తుల లాంచీ సిద్ధంగా ఉంది. అరవై మంది దాకా జనం. నారింజరంగు లైఫ్‌జాకెట్లు ఇస్తున్నది గైడు జ్యోత్స్న. ఆ చుట్టుపక్కల మనిషే, ముప్పై దాటిన వయసు, మైకు పట్టిందంటే గోదావరి తన సొంత పెరడన్నట్టు మాట్లాడుతుంది. స్తెఫను లాంచీ ఎక్కకముందే చేతికర్రతో దాని పక్క తట్టాడు. చెయ్యి ఆనించి ఇంకోసారి తట్టాడు. జేబులోంచి సుద్దముక్క తీసి తలుపు పక్కన తేదీ వేశాడు.

"కూసోండ్రి, భయం లేదు," అన్నాడు అందరితో.

"పెద్దాయన పర్మిషన్ ఇచ్చేశారండీ, ఇక కదులుదాం!" అంది జ్యోత్స్న మైకులో. జనం నవ్వారు. సరంగు ఇంజను వేశాడు. ఆ వెంటనే డీజే మొదలైంది.

ఆ డీజే సంగతి చెప్పకపోతే పాపం. నది అంత ప్రశాంతంగా పోతుంటే, ఆ పెట్టెలు నీళ్లను కూడా గంతులు వేయిస్తున్నాయి. ఉప్మా కావాలా అని అడగాలన్నా గొంతు చించుకోవాల్సిందే. సవరమ్మ గంటసేపట్లో నాలుగేళ్లకు సరిపడా అరిచింది. అంత గోలలో ఆమె చూసిన దృశ్యం ఆమెను ఇంకా మండించింది. స్తెఫను కాళ్ల చెప్పులు విప్పి, చెక్కమీద పాదాలు ఆనించి, పాటకు సరిగ్గా తాళం వేస్తున్నాడు. ఒక్క దెబ్బ తప్పడం లేదు. ఆఖరికి హాతీరాం చెయ్యి పట్టి లాగితే లేచి నాలుగు అడుగులు కూడా వేశాడు.

"చూసినవా వదినె, మీ అన్నకు పాట వినపడతది. పెళ్లాం మాటే వినపడదు," అని అరిచింది సవరమ్మ జమ్లి చెవిలో.

"మొగోళ్లందరు గంతే వదినె," అని జమ్లి తిరిగి అరిచింది. "మా ఆయనకైతే బర్రె అరిస్తే వినపడతది."

ఇక తేలిపోయింది అనుకుంది సవరమ్మ. మొహం గోదావరి వైపు తిప్పుకుంది. తిప్పుకున్నాక మాత్రం తిరిగి లోపలికి తిప్పుకోలేకపోయింది.

కొండలు దగ్గరవుతున్నాయి. రేవు దగ్గర అవతలి ఒడ్డు సన్నటి గీతలా ఉన్న నది ఇప్పుడు రెండువైపులా నిటారు కొండల మధ్య ఇరుక్కుంది. వెదుళ్లు, టేకు, వాటిపైన ఇంకో కొండ, దాని వెనక ఇంకోటి. ఒడ్డున నీళ్లలోంచి కరెంటు స్తంభాల తలలు మాత్రం పైకి కనిపించాయి. అక్కడ ఊరుండేదని, కింద కడుతున్న ఆనకట్ట నీళ్లు వెనక్కి తన్నడంతో జనాన్ని పైకి పంపేశారని జ్యోత్స్న చెప్పింది. ఆ ముక్క చెప్పేటప్పుడు ఆమె డీజే ఆపించింది, తన ఊరు అందులో ఉందో లేదో చెప్పలేదు. తర్వాత మళ్లీ గొంతు సవరించుకుని, పాపికొండలంటే పాపాల కొండలు కావని, నది ఆడమనిషి పాపిడిలా సన్నగా సాగుతుంది కాబట్టి పాపిడికొండలని పెద్దలు అనేవారని చెప్పింది. రోజూ ఇరవై తలలకు పాపిడి తీసే సవరమ్మకు ఆ మాట నచ్చింది. ఎంత దువ్వినా ఇంత తిన్నగా రాదు మరి.

ఇంత నీరు ఇంత సందులో ఎట్లా పడుతుంది? లోతెంత ఉంటుంది? కొండను నీళ్లు కోశాయా, లేక కొండే పగిలి దారిచ్చిందా? ఆమెకు ఒకదాని వెనక ఒకటి ప్రశ్నలు పుట్టాయి. ఇవన్నీ అడగడానికి పక్కనున్న మనిషే సరైనవాడు. జీవితమంతా బండల మధ్య బతికినవాడు. కానీ అతనితో మాటలు బందు అని ఐదు నిమిషాల కిందే ఒట్టు పెట్టుకుంది.

లాంచీ పేరంటాలపల్లి దగ్గర ఆగింది. గుడికి పోయేవాళ్లు మెట్లెక్కారు. హాతీరాం, జమ్లి కూడా దండం పెట్టుకొస్తామని పోయారు. సవరమ్మ కొండరెడ్డి ఆడవాళ్లు అమ్ముతున్న వెదురు పువ్వులు చూస్తూ నిలబడింది. నలుపు, తెలుపు చీలికలతో పువ్వు ఎట్లా వంచారో అర్థంకాక రెండుసార్లు విప్పించి అల్లించుకుంది. స్తెఫను మాత్రం వాగు పక్కనున్న రాతిగోడ వైపు నడిచాడు. దగ్గరలో తెలిసినవాళ్లెవరూ లేరు. హాతీరాం లేడు. డీజే లేదు. వాగు సన్నగా పారుతోంది.

ఇంతకంటే మంచి సమయం దొరకదు. ఒట్టు పక్కనపెట్టింది. పిల్లిలా పోయి మొగుడి వెనక నాలుగడుగుల దూరంలో నిలబడి, సంచిలోంచి గిలక తీసి ఊపింది.

తిరగలేదు.

కుడి చెవి వైపు ఊపింది. ఎడమ వైపు ఊపింది. వెదురు పువ్వులమ్మే ముసలమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. స్తెఫను అరచెయ్యి రాతికి ఆనించి, కళ్లు మూసుకుని, రెండో చేత్తో కర్రతో తడుతున్నాడు. వినపడలేదా, పనిలో మునిగాడా? గనిలో బండ తట్టేటప్పుడు పక్కన పిడుగు పడ్డా సర్దార్ తిరగడని హాతీరామే ఒకసారి చెప్పాడు. ఛీ, ఇదీ తేలలేదు.

కళ్లు తెరిచి ఆమెను చూశాడు. ఆమె గిలక చప్పున కొంగులో దాచింది.

"సవరమ్మా, ఇటు రా!" అతని మొహం వెలిగిపోతోంది. "ముప్పై ఆరేండ్లు కొండ కడుపులో తిరిగిన గని, బయటికెల్లి కొండ ఎట్లుంటదో ఎన్నడన్న చూసిన్నా? చూడు, అట్టు మీద అట్టు పేర్చినట్టు. గదో, ఆ గీత కాడ కొండ కొంచెం కిందికి కూసుంది. నీళ్లు గక్కడ్నే సందు చూసుకున్నయ్."

ఐదు నెలల్లో అతడు ఒక్కసారిగా ఇన్ని మాటలు మాట్లాడటం ఇదే. ఆమె చెయ్యి పట్టుకుని రాతికి ఆనించాడు. కర్రతో తట్టాడు.

"తెలుస్తుందా?"

"ఏం తెలుస్తది? సల్లగుంది."

"ఇప్పుడు ఇక్కడ." రెండు గజాలు జరిపి, పైనుంచి ముందుకు పొడుచుకొచ్చిన బండకు ఆమె చెయ్యి ఆనించి మళ్లీ తట్టాడు. ఈసారి ఆమె అరచేతిలో సన్నటి వణుకు పుట్టి మణికట్టు దాకా పాకింది. ఆమె తుళ్లిపడి చెయ్యి తీసేసింది.

"గుల్ల," అన్నాడు. "చెవులు ఒక్కోసారి మోసం జేస్తయ్. చెయ్యి చెయ్యదు."

ఆ బండ కిందే ఒక కుటుంబం చాప పరిచి ఫొటోలు దిగుతోంది. స్తెఫను పోయి వాళ్లను లేపాడు. గొణుక్కుంటూనే లేచారు. సుద్దముక్కతో బండ మీద ఇంటూ గుర్తు పెట్టబోతుంటే జ్యోత్స్న పరుగెత్తుకొచ్చింది.

"పెద్దాయనా, రాళ్లమీద రాతలు రాయకూడదండి. ఇది పార్కు, ఫారెస్టోళ్లు ఊరుకోరు."

స్తెఫను ఆమె పెదాల వైపు చూసి తలూపాడు. సుద్ద జేబులో వేసుకుని, బండ ముందు నాలుగు రాళ్లు అడ్డంగా పేర్చాడు. ఆ తర్వాత ఆ బండేమీ పడలేదు. ఏమీ కాకపోవడమే సర్దార్ పనికి ఫలితం, అందుకే ఆ పనికి చప్పట్లు ఉండవు. జ్యోత్స్న మాత్రం ఇంకో రెండు రాళ్లు తెచ్చి పక్కన పెట్టింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక లాంచీ కొండల నడుమ అన్నిటికంటే ఇరుకైన చోటికి చేరింది. జ్యోత్స్న చెయ్యి పైకెత్తింది. డీజే ఆగింది. సరంగు ఇంజను కూడా ఆపేశాడు. పొద్దుటినుంచి మోతకు అలవాటుపడిన చెవులకు ఆ నిశ్శబ్దం కొత్తగా ఉంది. లాంచీ నీళ్లమీద మెల్లగా పక్కకు తిరుగుతోంది. ఎక్కడో ఒక పిట్ట కూసింది.

"ఇక్కడ కొండ మాట్లాడుతుందండీ," అంది జ్యోత్స్న మైకు లేకుండానే. "ఒక్కొక్కరూ పిలవండి. పిలిచాక ఆగండి. తొందరపడొద్దు, ఆయన నిదానంగా చెప్తాడు."

ఒకాయన కూతురి పేరు పిలిచాడు. ఆగితే, ఎడమ కొండ ఒకసారి, కుడి కొండ ఇంకోసారి ఆ పేరే పిలిచాయి. జనం కేరింతలు కొట్టారు. జమ్లి గొంతెత్తి, "గౌరీ!" అని తన బర్రెను పిలిచింది. రెండు కొండలూ బర్రెను పిలిచాయి. హాతీరాం పొగాకు డబ్బాతో బల్లమీద టక్కుమని కొట్టి, కొండ వైపు చెయ్యి చూపించాడు. స్తెఫను లేచి, "హోయ్!" అని కేక వేశాడు.

లాంచీ మొత్తం చెవులు రిక్కించి ఆగింది. స్తెఫను ఆగలేదు. కొండ ఇంకా నోరు తెరవకముందే హాతీరాం వైపు తిరిగి, "బావా, చాయ్ తాగుదమా?" అన్నాడు. అతని మాట మీద నుంచే కొండ "హోయ్" అంది. రెండో కొండ కూడా అంది. అతడు చిరునవ్వుతో హాతీరాం జవాబు కోసమే చూస్తున్నాడు.

సవరమ్మ చూసింది. గిలక ఊపే మనిషి కదా, ఆమె చూసేది మొహాన్ని. చప్పుడు వచ్చినప్పుడు కళ్లలో చిన్న కదలిక ఉంటుంది. నెలల పిల్లలకైనా ఉంటుంది. అది ఇక్కడ లేదు.

హాతీరాం చాయ్ కోసం వెనక్కి పోయాడు. స్తెఫను కమ్మీ పట్టుకుని కొండ వైపు నిలబడ్డాడు. మళ్లీ అదే వీపు. సవరమ్మ లేచి వెనక నిలబడింది. ఏం అడిగితే తేలుతుంది? వేరే ఏ మాటైనా అడగొచ్చు, కానీ నోటికి ఆ ఒక్కటే వచ్చింది.

"ఏమయ్యా, నాతోని సుఖంగానే ఉన్నవా?" మెల్లగా అంది.

వీపు కదల్లేదు.

కొంచెం గట్టిగా అంది. కదల్లేదు.

ఐదు నెలల కోపం ఒక్కసారి గొంతులోకి వచ్చింది. కోపమొస్తే ఆమెకు పుట్టిల్లు మధిర వైపు కోస్తా యాస బయటికి తన్నుకొస్తుంది. పైగా పొద్దున్నుంచి డీజే మీద అరిచి అరిచి గొంతు ఆ ఎత్తుకే అలవాటైంది. ఇప్పుడు డీజే లేదన్న సంగతి మరిచిపోయింది.

"అడిగేది నిన్నే! నాతో సుఖంగా ఉన్నావా లేదా?"

ఎడమ కొండ అడిగింది, "సుఖంగా ఉన్నావా లేదా?"

కుడి కొండ అడిగింది, "ఉన్నావా లేదా?"

లాంచీ జనమంతా స్తెఫను వైపు తిరిగారు. తర్వాత వెనక బల్లల నుంచి ఎవరో, "జవాబు చెప్పు పెద్దాయనా!" అని అరిచారు. నవ్వులు గొల్లుమన్నాయి. సవరమ్మకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కానీ నవ్వులు ఎంతోసేపు సాగలేదు. ఒక్కొక్కరే ఆపేశారు. ఎందుకంటే పెద్దాయన ఇంకా తిరగలేదు. అరవై మంది విన్నారు, రెండు కొండలు విన్నాయి, సరంగు తన గదిలోంచి తల బయటపెట్టి మరీ విన్నాడు. స్తెఫను కమ్మీ మీద చెయ్యి ఆనించి, కొండ గీతలు చూసుకుంటూ హాయిగా నిలబడి ఉన్నాడు.

సవరమ్మకు ముందు సంతోషం వచ్చింది. వినలేదు. ఆ సాయంత్రం వినలేదు. విని ఊరుకోలేదు! ఆ వెనకాలే సిగ్గు వచ్చింది, మొగుడు చెవిటివాడని తెలిసి సంతోషించే ఆడదాన్ని నేనొక్కదాన్నే కాబోలని. దాని వెనక ఏడుపు వచ్చింది. దాన్ని ఆపుకోలేదు.

భుజం మీద చెయ్యి వేసింది. స్తెఫను తిరిగాడు. ఆమె కళ్లు చూశాడు, ఆమె వెనక తనవైపే చూస్తున్న అరవై మొహాలను చూశాడు.

"ఏందే? ఏమైంది? అందరు నన్నెందుకు చూస్తుండ్రు?"

చాయ్ గ్లాసులతో వచ్చిన హాతీరాం అక్కడే నిలబడిపోయాడు. "చెల్లె, తప్పు నాదే," అన్నాడు తల దించుకుని. "ఎవరన్న పిలిస్తే డబ్బతోని తడుత. చెక్కల నుంచి బావకు తెలుస్తది, అప్పుడు తిరుగుతడు. నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించిండు."

జీపులో టక్కుటక్కు, బల్లమీద టక్కు. పాదాలతో పట్టుకున్న డీజే తాళం. పొద్దుటినుంచీ తాను పొగాకు అలవాటనుకున్నది! సవరమ్మ చెంగుతో కళ్లు తుడుచుకుని, మొగుడికి ఎదురుగా నిలబడి, పెదాలు స్పష్టంగా కదిపింది.

"ఎప్పటినుంచి?"

స్తెఫను ఇక దాచలేదు. "ఎడమది రిటైర్మెంటుకు ఏడాది ముంగటనే పోయింది. కుడిది ఆ ఎనక మెల్లమెల్లగ. బండ చప్పుడు వినేటోనికి చెవులు పోయినయంటే ఏం చెప్పుకోను? ఆ ఏడాదంత ప్రతి బండకు ఒకటికి రెండుసార్లు చెయ్యి పెట్టి చూసిన. చెప్పాల్సిందే, చెప్పలే. తప్పే. దేవుని దయ, ఒక్కనికి దెబ్బ తగల్లే. ఇప్పటికి కూడ రాత్రిపూట తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తది."

"వాళ్లకు చెప్పలేదు సరే. నాకెందుకు చెప్పలేదు?"

అతడు చిన్నపిల్లవాడిలా నేలచూపులు చూశాడు. "నువ్వు పిల్లలకు గిలక ఊపుతవ్ కదా. నాకు గూడ ఊపుతవని సిగ్గైంది."

సవరమ్మ సంచిలోంచి గిలక తీసి అతని మొహం ముందు పెట్టింది. "ఊపిన. పొద్దున. వాగు కాడ. కుడికి, ఎడమకు."

స్తెఫను గిలకను చూశాడు, ఆమెను చూశాడు, కడుపు పట్టుకుని నవ్వాడు. ఆమెకూ ఏడుపులోనే నవ్వొచ్చింది. జ్యోత్స్న డీజే పెట్టబోయిన మనిషిని చేత్తోనే ఆపింది.

"ఇందాక ఏమో అడిగినవ్ కదా," అన్నాడు స్తెఫను. "మల్ల అడుగు."

రెండోసారి అడిగితే దేబిరింపు అన్న లెక్క ఏ గోదాట్లో కలిసిందో, సవరమ్మకు గుర్తే లేదు. అతని కుడిచెయ్యి తీసుకుంది. ముప్పై ఆరేళ్లు బండలు తడిమి కాయలు కాసిన అరచెయ్యి. దాన్ని తన గొంతు కింద, మెడ ఎముకల మధ్య ఆనించుకుంది. లాంచీకి వినపడకుండా, కొండకు అసలే వినపడకుండా, మొదటిరోజు అడిగినట్టే అడిగింది.

స్తెఫను ఆమె పెదాల మీద ఆ మాట చదువుకుని కళ్లు మూసుకున్నాడు. తెరిచాక తన గొంతు ఎంత పెద్దదో తనకు తెలియని మనిషి కాబట్టి, నదంతా వినేలా చెప్పాడు.

"పొద్దుగాల లేస్తే అన్ని తట్టి చూసిన సవరమ్మా! బండలు తట్టిన, తలుపులు తట్టిన, పడవలు తట్టిన. నీ దగ్గర ఎన్నడు తట్టి చూడలే. ఆ అవసరం రాలే!"

ఎడమ కొండ అంది, "ఆ అవసరం రాలే." కుడి కొండ అంది, "అవసరం రాలే."

ఆ రెండు మాటలూ స్తెఫనుకు వినపడలేదు. సవరమ్మకు మూడుసార్లూ వినపడింది.

లాంచీలో ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. జమ్లి ముక్కు చీదింది. సరంగు ఇంజను వేశాడు, లాంచీ పోచవరం వైపు తిరిగింది. సవరమ్మ మొగుడి జేబులో చెయ్యి పెట్టి సుద్దముక్క తీసింది. అతని నారింజరంగు జాకెట్టు మీద, సరిగ్గా గుండెమీద, ఆ రోజు తేదీ వేసి కింద తన సంతకం పెట్టింది.

"సోమవారం దవాఖానకు పోవాలె. చెవులు చూపియ్యాలె," అంది ఎదురుగా నిలబడి.

"అట్లనే," అన్నాడు స్తెఫను.

రేవులో జాకెట్లు వెనక్కి తీసుకునేటప్పుడు జ్యోత్స్న ఆ రాత చూసింది. తుడవకుండా మడిచి, మిగతావాటి కిందికి పెట్టింది.